నలభై క్లిప్పుల్లో ఒకే దోషి

నేను ముప్పై ఒకటో ఏట రిటైరయ్యాను. నవ్వకండి. ఉద్యోగమే మూడేళ్ల ప్రాజెక్టు. మూడేళ్లు నిండాయి, శాలువా కప్పారు, ఫొటో దిగాం, ఫొటో అయ్యాక శాలువా తిరిగి అడిగారు. పక్క గదిలో ఇంకో ప్రాజెక్టు కూడా ముగుస్తోందట. లాంఛనాలన్నీ పూర్తయ్యాయి కాబట్టి, కొత్తగా ఫీల్డ్ వర్క్‌లోకి వస్తున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ పెద్దమనిషిలా నాలుగు మాటలు చెప్పే హక్కు నాకు వచ్చిందనే అనుకుంటున్నాను. అయితే నా దగ్గర నాలుగు లేవు. ఒకటే ఉంది. అది నేను చేసిన తప్పు. దానివల్ల మా ఆఫీసులో ఒక మనిషి పెళ్లి ఆగిపోవలసింది.

మా పని ఏమిటో ఇంట్లోవాళ్లకే అర్థమయ్యేది కాదు. మా బాపు ఆ మూడేళ్లూ నేను బ్యాంకు పరీక్షలకు చదువుతున్నానని ఊళ్లో చెప్పుకున్నాడు. మేం చేసింది క్రియలను పెట్టెల్లో సర్దడం. నవ్వడానికి ఒక్క మనిషి చాలు. తుమ్మడానికీ అంతే. చింపడానికి మాత్రం చింపేవాడు ఉండాలి, చిరిగేది ఉండాలి. ఇవ్వడానికైతే ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు, మధ్యలో వస్తువు, అంటే చిన్న ఫంక్షనే. బడిలో అకర్మకం, సకర్మకం అని బట్టీ పట్టి పరీక్ష కాగానే మరిచిపోయాం కదా, భాషాశాస్త్రంలో కొందరు జీవితాంతం అక్కడే ఆగిపోతారు. వాళ్లకు ఆ రెండు పెట్టెలు చాలవు. ‘కుండ పగిలింది’ అంటే పగలగొట్టినవాడు ఎటు పోయాడు? ‘నాకు ఆకలైతుంది’ అంటే అందులో నేను చేస్తున్నదేమిటి? ఏమీ లేదు, ఆకలే వచ్చి నా మీద కూర్చుంది. ఏ పనిని ఎవరు చేస్తున్నారు, అది ఎవరి మీద జరుగుతోంది, చెప్పేటప్పుడు మనుషులు ఎవరిని పట్టుకుని ఎవరిని వదిలేస్తారు? కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా ఊరూరా తిరిగి దీన్ని తేల్చాలి.

కరీంనగర్‌లో ఒక ఎరువుల దుకాణం మీద రెండు గదులు మా ఆఫీసు. మూడేళ్లు యూరియా వాసనలో క్రియలను పెంచాం. పైన హైదరాబాద్‌లో ప్రాజెక్టు నడిపే మేడం, కింద మేమిద్దరం: నేను, వీడియో ఎడిటింగు చూసుకునే మా సహోద్యోగి. నాకంటే రెండేళ్లు పెద్ద కాబట్టి అన్న అనేవాణ్ని. ఇక్కడా అదే పిలుపు సరిపోతుంది.

పద్ధతి సులువే. ఎనిమిది సెకన్ల మూగ వీడియో చూపిస్తాం. చూశాక ఒక్కటే అడగాలి: ‘ఏమైంది?’ అని. ‘ఏం చేసిండు?’ అని అడగకూడదు, అలా అడిగితే చేసేవాణ్ని మనమే చేతికి అందించినట్టు. మేడం ఈ విషయంలో ఎంత కచ్చితమంటే, ట్రైనింగులో నేను నోరు జారి ‘ఏం చేసిండు’ అన్నందుకు నాకు మధ్యాహ్నం టీ ఆపేశారు.

అలాంటి వీడియోలు నలభై కావాలి. కుండ పగలాలి, గుడ్డ చిరగాలి, పాలు ఒలకాలి, తలుపు మూసుకోవాలి, చెంప పగలాలి. మనుషులు మారితే చూసేవాళ్ల ధ్యాస ముఖాల మీదికి పోతుందని, అందుకే నలభైలోనూ ఒకే మనిషి ఉండాలని నేను మేడంకు పెద్ద సిద్ధాంతం చెప్పాను. మేడం మెచ్చుకున్నారు. అసలు సంగతి ఏమిటంటే, ఎరువుల దుకాణంలో ఎవరూ నటించడానికి ఒప్పుకోలేదు. అన్న మాత్రం అడగక ముందే జుట్టు దువ్వుకుని నిలబడ్డాడు. ఎర్రగళ్ల చొక్కా వేసుకుని కుండలు పగలగొట్టాడు, చీర చింపాడు, పాలు పారబోశాడు, నిద్రపోతున్న మనిషిని కాలితో లేపాడు, మొక్క పీకాడు, చెంప మీద కొట్టాడు. నిద్రపోయిందీ దెబ్బ తిన్నదీ నేనే. నా వీపు తప్ప ఏమీ కనబడదు. కళామతల్లికి నేను చేసిన సేవ అంతా వెనకనుంచే.

వీడియోలు తీసుకుని నేను ఊళ్ల మీద పడ్డాను. వీడియోలోని మనిషే ఎదురుగా కనబడితే జనం తడబడతారని అన్నను ఆఫీసులోనే ఉంచాను. శ్రీరాంపూర్‌లో మొదటి షిఫ్టు దిగి వచ్చిన బొగ్గుగని కార్మికుడు ఒకాయనకు తాడు తెగే వీడియో చూపించాను. నలభై అయ్యాక చూపించడానికి అదనంగా తీసింది అది, అందులో మనిషే లేడు. తాడుకు బరువు వేలాడుతుంది, తాడు తెగుతుంది, అంతే.

“ఏమైంది?” అన్నాను.

“ఏమైందంటె? తాడు తెగింది అని రాసుకుందామని చూస్తున్నవా?” అన్నాడాయన. “మా దగ్గర తాడు ఊకనే తెగదు తమ్మి. ఎవలో ఒకలు సూడకపోతెనే తెగుతది. ఇన్‌చార్జి ఎవలు?”

“ఎవరూ లేరన్నా ఇందులో.”

“లేకేంది? గా ఎర్రగళ్ల అంగీ ఆయన యాడికి పోయిండు?”

అన్న కనబడని వీడియోలో కూడా అన్నే దోషి. నేను దాన్ని సరదాగా రాసుకున్నాను. భైంసాలో బట్టల దుకాణం నడిపే ముస్లిం పెద్దాయన చీర కోసే వీడియో చూసి కుర్చీలోంచి లేచాడు. “అరె భాయ్, గీ మనిషికి కత్తెర ఎవలిచ్చిండ్రు? కొలత లేదు, మడత లేదు, జర ఫికర్ లేకుంట కోస్తుండు! గీనె ఏ దుకాణంల పని చేస్తడు? ముందే చెప్పు, మా తమ్మునికి ఫోన్ జేసి చెప్త, పనిల పెట్టుకోవద్దని.” అదీ సరదాగానే రాసుకున్నాను.

చివరికి చొప్పదండి వచ్చింది. పంచాయతీ అరుగు మీద ఒక ముసలమ్మ దొరికింది. చెవులు పనిచేస్తాయి, కళ్లు పనిచేస్తాయి, నోరైతే ఇద్దరి పని చేస్తుంది. ఫీల్డులో ఇలాంటి మనిషి దొరికితే పండగే. మొదటి వీడియో చూపించి అడిగాను.

“ఏమైంది అవ్వా?”

“ఏమైందని నన్నడుగుతవేంది కొడుకా, నీ కండ్లు యాడ పెట్టుకున్నవ్? కుండ పలగ్గొట్టిండు గదా, ముండకొడుకు!”

రెండోది చూపించాను. మూడోది. మనకు అవి నలభై వేర్వేరు ముక్కలు. ఆమెకు అది ఒకే సినిమా. పొద్దున లేచింది మొదలు ఇల్లంతా నాశనం చేసుకుంటూ పోతున్న ఒక మనిషి కథ. “కుండ అయింది, ఇగ పాల మీద పడ్డడు!” అంటుంది. “గా పండుకున్నోడు వీనికేం పాపం చేసిండు?” అంటుంది. ఒక్కో వీడియోకి మామూలుగా ఒక వాక్యం వస్తుంది, ఆమె దగ్గర ఏడెనిమిది వస్తున్నాయి. నాకు ఆశ పుట్టింది. ఇరవయ్యో వీడియో దగ్గర ఆమె అడిగింది:

“అవునుర కొడుకా, వీడు నిజంగనే గిట్లనే ఉంటడా?”

నటన అవ్వా అనాలి. అంటే ఊపు పోతుంది, వాక్యాలు పోతాయి. నేనేమన్నానో విని మీరు నేర్చుకోండి, దయచేసి చేయకండి. “ఇంతకన్న ఎక్కువనే చేస్తడవ్వా. మాతోనే ఉంటడు, మేమంత పరేషాన్ అవుతున్నం” అన్నాను.

అంతే. మిగతా ఇరవై వీడియోలకు ఆమె ఇచ్చిన తెలుగు అమోఘం. మేడం ఫోన్ చేసి మరీ అభినందించారు. చివర్లో ముసలమ్మ లేస్తూ, “వీనికి పిల్లనిచ్చెటోడు ఇంక పుట్టలే” అని తీర్పు చెప్పి వెళ్లిపోయింది. దాన్ని కూడా రాసుకున్నాను.

ఇక అన్న సంగతి. ఆయనకు జ్వరమొచ్చి కరీంనగర్‌లో ఒక ల్యాబులో రక్తపరీక్షకు వెళ్లాడు. జ్వరం మూడు రోజుల్లో తగ్గింది, ల్యాబుకు వెళ్లడం తగ్గలేదు. రక్తం తీసే అమ్మాయి సూది గుచ్చే ముందు “అటు చూడండి” అంటుందట. ఈయన అటు చూడలేదట. తరవాత థైరాయిడ్ చేయించుకున్నాడు, షుగర్ చేయించుకున్నాడు, విటమిన్ డి చేయించుకున్నాడు. ఎందులోనూ ఏ లోపమూ లేదు. “అన్నా, ఉన్న రక్తమంత అక్కడనే పోస్తె పెండ్లినాటికి ఏం మిగులుతది?” అన్నాను. నాలుగోసారి ఆ అమ్మాయే అడిగిందట, “మీకు రోగం లేదు. ఇంక ఎన్నిసార్లు వస్తరు? మా ఇంటికే రాండ్రి, అడగవల్సింది అడుగుండ్రి” అని. ఒంటరిగా వెళ్లే ధైర్యం ఆయన రక్తంలో ఏ పరీక్షలోనూ కనబడలేదు కాబట్టి, తల్లిని వెంటబెట్టుకుని, నన్ను కూడా రమ్మన్నాడు. మూడేళ్లలో ఆయన నన్ను బతిమాలింది ఆ ఒక్కసారే. “తమ్మి, ఇది పోతె నాకు ఇంకోటి వద్దు. జర మంచిగ మాట్లాడు నా గురించి” అన్నాడు. నా మాటల శక్తి మీద ఆయనకు అంత నమ్మకం.

ఆదివారం పొద్దున బయల్దేరాం. ఊరు చొప్పదండి. నాకు ఏ అనుమానమూ రాలేదు. ఊళ్లో ముసలమ్మలు వందమంది ఉంటారు. అన్న ఎర్రగళ్ల చొక్కా వేసుకున్నాడు. రెండేళ్లు ఎడిటింగులో తననుతాను ఆ చొక్కాలో చూసుకుని, అందులోనే తాను బాగుంటానని తేల్చుకున్నాడు.

ఇంట్లో అమ్మాయి తల్లి మంచినీళ్లిచ్చింది. తండ్రి మస్కట్‌లో పని చేస్తాడు, వీడియో కాల్‌లో ఉన్నాడు. ఫోన్‌ను ఇత్తడి చెంబుకు ఆనించి మా ఎదురుగా కూర్చోబెట్టారు. చాలా మర్యాదగా ఒక పెద్దమనిషి తల మాత్రం మాతో మాట్లాడుతోంది. అమ్మాయి వచ్చి తల్లి పక్కన నిలబడింది. అన్న ముఖం ల్యాబులో కూర్చున్నట్టే ఉంది. అప్పుడు లోపలి గదిలోంచి అమ్మాయి బాపమ్మ, అంటే నాయనమ్మ, వచ్చింది.

నేను గుర్తుపట్టాను. ఆమె నా ముఖం చూడలేదు, అన్న ముఖం కూడా చూడలేదు. చొక్కా చూసింది.

“అయ్యో అయ్యో అయ్యో!” అంది. “వీడే! కుండలోడు! కోడలా, బువ్వకుండ లోపట పెట్టు!”

“ఎవలు? ఏ కుండ? హలో?” అన్నాడు మస్కట్ తండ్రి.

“మొక్క పీకిండు! పాలు పారవోసిండు! పండుకున్న మనిషిని కాలుతోని తన్నిండు! నా కండ్లతోని నేను సూసిన!”

“నా కొడుకా?” అంది అన్న తల్లి. “నా కొడుకు పాలు పారవోసుడేంది వదినా? వాడు చిన్నప్పటిసంది మీగడ కూడ గీక్కొని తింటడు!”

“కొట్టిండు అన్నరా? ఎవల్ని కొట్టిండు? ఆవాజు సరిగ వస్తలేదు!” అన్నాడు ఫోన్‌లోంచి తండ్రి.

నేను లేచాను. ఒప్పుకోవడానికి ఇదే సమయం. “అవ్వా, అది నటన. మేమే తీసినం. ఆఫీసు పని” అన్నాను. బాపమ్మ అప్పుడు నన్ను చూసింది.

“నువ్వా! నువ్వే గదర చెప్పినవ్, ఇంతకన్న ఎక్కువ చేస్తడని? మీరంత పరేషాన్ అవుతున్నరని?”

అన్న నా వైపు తిరిగాడు. ఆ చూపుకు క్రియ లేదు. ఉంటే దానికి కర్మ నేనే.

“అవ్వా, అది… నువ్వు బాగ మాట్లాడుతున్నవని…”

“అంటె అప్పుడు అబద్ధమాడినవా, ఇప్పుడాడుతున్నవా?”

 దాంతో నేను రెండో తప్పు చేశాను. నటన అని రుజువు చేద్దామని ఫోన్ తీసి నలభై వీడియోలూ అందరికీ చూపించాను. ఇల్లంతా చుట్టూ మూగింది. ఒకదాని తరవాత ఒకటి, కుండ, చీర, పాలు, చెంప. అన్న తల్లి కూడా కొడుకు ముఖం వైపు కొత్తగా చూడటం మొదలుపెట్టింది. పదో వీడియోకి మస్కట్‌లోంచి “బాప్‌రే” అని వినబడింది.

ఆదుకున్నది అమ్మాయే. ఫోన్ చేతిలోకి తీసుకుని చెంపదెబ్బను వెనక్కి జరిపి మళ్లీ చూసింది.

“బాపమ్మా, దెబ్బ తగల్నే లేదు. చెయ్యి గాలిల పోయింది. కుండ గూడ సూడు, ముందుగాలనే పలిగి ఉన్నది, జిగురు పెట్టి అతికిచ్చిండ్రు.” ఇంకో రెండు సార్లు చూసి, “నటన గూడ అంత మంచిగ లేదు” అంది.

అన్న ముఖంలో ఉపశమనం, అవమానం ఒకేసారి కనబడ్డాయి.

బాపమ్మ కొంచెం మెత్తబడింది. అయినా ముసలామె అక్కడితో వదల్లేదు. “సరె, నటననే అనుకో. నలభై సార్లు నటించిండు గదా. అండ్ల ఒక్కపారన్న గీ పిలగాన్ని ఎవలన్న ఏమన్న చేసిండ్రా? ఒక్కలన్న నెట్టిండ్రా, తిట్టిండ్రా?”

 నలభై గుర్తు చేసుకున్నాను. ఒక్కటి కూడా లేదు. ప్రతిదాంట్లో చేసేవాడు అన్నే, జరిగేది మిగతా లోకానికి. మేడంకు తట్టలేదు, నాకు తట్టలేదు, సెమినార్లలో చప్పట్లు కొట్టినవాళ్లెవరికీ తట్టలేదు. ఊరూరా జనం వీడియోలో ఏది జరిగినా అతనితోనే వాక్యం మొదలుపెడుతుంటే, అది ఈ ప్రాంతపు భాష లక్షణమని మేం పేజీలకు పేజీలు రాశాం. అది భాష లక్షణం కాదు, అన్న లక్షణం. రెండేళ్ల పని చొప్పదండిలో ఒక మంచం పక్కన కుప్పకూలింది.

“లేదవ్వా” అన్నాను.

“మరి నాకెట్ల ఎరుకైతది?” అంది బాపమ్మ. “చేసెటప్పుడు అందరు మొగోళ్లే. మీద పడ్డప్పుడు ఎట్లుంటడో సూడాలె నాకు. నా మనుమరాలు రేపు కోపానికొస్తె వీడేం జేస్తడు? తియ్యి నీ ఫోను. మా పోరి చేస్తది, వీడు పడుతడు.”

“మేము పిల్లను సూడొచ్చినమా, నా కొడుకును ఉతికిచ్చుకోనొచ్చినమా?” అంది అన్న తల్లి. అన్న అప్పటికే వాకిట్లోకి వెళ్లి నిలబడ్డాడు. ఆయనలోని నటుడు ముందు లేచాడో, పెళ్లికొడుకు ముందు లేచాడో నేను చెప్పలేను.

మొదటి క్లిప్పు: నెట్టడం. అమ్మాయి మొహమాటపడుతూ భుజం మీద ఒక్కటి నెట్టింది. అన్న వెళ్లి ఆరబోసిన మక్కజొన్నల మీద పడ్డాడు. లేచి, వీపుకు అంటుకున్న గింజలు తీసి మళ్లీ కుప్ప మీద వేశాడు.

రెండో క్లిప్పు: చెంపదెబ్బ. గాలిలో పోవాలని నేను ఆమెకు వివరంగా చెప్పాను. పోలేదు. ఆ శబ్దం మస్కట్ దాకా స్పష్టంగా వెళ్లింది. ఆమె రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. అన్న కళ్లలో నీళ్లు తిరుగుతుండగా, “సూది కన్న నయమే ఉన్నది” అన్నాడు. తల్లీ, కాబోయే వియ్యపురాలూ ఒకేసారి నవ్వారు. ఆ పొద్దున ఆ ఇద్దరూ కలిసి చేసిన మొదటి పని అది.

మూడో క్లిప్పు: నీళ్లు. నల్లా కింద ఒక బకెట్ నింపి, ఇంకోటి పెట్టి వదిలేశారు, రెండో టేకు కావాలంటే ఉంటుందని. అమ్మాయి ఈసారి మొహమాటపడలేదు. నిండు బకెట్ ఎత్తి నెత్తిమీద గుమ్మరించింది. అన్న నిలువునా తడిసి, ఊపిరాడక రెండుసార్లు నోరు తెరిచాడు. నేను ఎనిమిది సెకన్లు లెక్కపెట్టి ఆపేశాను. అన్న కళ్లు తుడుచుకుని, చుట్టూ చూసి, నడుచుకుంటూ వెళ్లి నల్లా బందు చేశాడు. అక్కడ రెండో బకెట్ నిండి నీళ్లు వాకిట్లోకి పారుతున్నాయి. మాలో ఎవరమూ చూడలేదు.

“ఆగుండ్రి” అంది బాపమ్మ. నా దగ్గరకు వచ్చింది. “గిది నువ్వు చెప్పినవా? నల్లా బందు జెయ్యమని?”

“లేదవ్వా. అప్పటికే నేను వీడియో ఆపిన.”

“నిజం జెప్పు. నీది నమ్మెటట్టు లేదు.”

“చెప్పలేదవ్వా. ఒట్టు.”

ఆమె ఆ తడిసిన మనిషి వైపు తిరిగింది. “గీ ఇంట్లకు నల్లా వచ్చి ముప్పై ఏండ్లాయె” అంది. “నల్లా బందుజేసిన మొగోన్ని నేను సూడలే.”

“హలో? అవ్వా? ఎవల గురించి అంటున్నవ్?” అన్నాడు మస్కట్ తండ్రి.

 బాపమ్మ మంచం మీద కూర్చుని, “నాకైతె సరె” అంది. తల్లి తలూపింది. ఫోన్‌లోంచి తండ్రి, “బిడ్డా, మరి నువ్వేమంటవ్?” అన్నాడు.

అప్పటిదాకా ఆ ప్రశ్న ఆ పిల్లను ఎవరూ అడగలేదు. ఆమె ఖాళీ బకెట్ పక్కన పెట్టి, నిండిన దాన్ని కాలితో ముందుకు జరిపింది.

“ఎంతసేపు నేనే చేసుడేంది? ఈసారి నేను నిలబడుత. ఆయన పొయ్యాలె.”

ఆమె ఒప్పుకుందని ఇంట్లో అందరికీ అర్థమైంది, అన్నకు తప్ప. ఆయన నావైపు తిరిగి, “తమ్మి, స్క్రిప్ట్ ఏంది?” అన్నాడు.

“స్క్రిప్ట్ లేదన్నా.”

కెమెరా ముందు ఎన్ని వస్తువుల ప్రాణాలు తీశాడో లెక్కలేదు. ఆ బకెట్ మాత్రం ఎత్తాడు, దించాడు, మళ్లీ ఎత్తాడు. “నీళ్లే గదా, పొయ్యుండ్రి” అని ఆమె అంచు పట్టుకుంది. నలుగురు చూస్తుండగా రెండు జతల చేతుల్లో బకెట్ ఒరిగింది. నేను మరీ దగ్గరగా వెళ్లి తీస్తున్నాను, సగం నీళ్లు నా మీద కూడా పడ్డాయి.

మొదటి మూడు క్లిప్పులూ ఆ సాయంత్రమే మేడంకు పంపి, జరిగిన పొరపాటంతా రాశాను. రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు రెండు వాక్యాలు వచ్చాయి: పరిశోధన మళ్లీ మొదలుపెడుతున్నాం, ఆ అమ్మాయి సెలవు రోజుల్లో నటిస్తుందేమో అడుగు. అడిగాను. ఆమె ఒప్పుకుంది. ఇరవై క్లిప్పుల్లో అన్న పడ్డాడు, తడిశాడు, దెబ్బలు తిన్నాడు, ప్రతిదానికీ రెండో టేకు తనే అడిగాడు. మా పెట్టెలు నెమ్మదిగా సరైన చోట నిండాయి. నాకు ట్రైనింగు మళ్లీ మొదటినుంచి ఇచ్చారు, టీ లేకుండా.

నాలుగో క్లిప్పు పంపలేదు. ఎవరు పోశారో, ఎవరిమీద పడ్డాయో ఎన్నిసార్లు తిప్పి చూసినా తేలదు. పెళ్లి కార్డు ఇవ్వడానికి ఇద్దరూ కలిసి వచ్చినప్పుడు దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసి వాళ్లకు ఇచ్చి, నా దగ్గర ఉన్నది చెరిపేశాను. డేటా చెరపడం మా వృత్తిలో మహాపాపం. నాలుగోది ఏదని మేడం అడిగితే, ఫోన్ తడిసింది మేడం అన్నాను. ఆ ఒక్కటి మాత్రం అబద్ధం కాదు.